కొసరు పిచ్చుక



ఏలూరులో బస్సెక్కి గుండుగొలనులో దిగేలోపు పక్క సీట్లో కూర్చున్న పెద్దాయన మూడు ప్రశ్నలు అడుగుతాడు. ఇది మా వైపు రివాజు. మొదట, "ఏ ఊరండి మీది?" అంటాడు. చెబుతాం. తర్వాత, "ఎవరి తాలూకండి?" అంటాడు. అదీ చెబుతాం. దెందులూరు దాటాక గొంతు ఒక మెట్టు దించి, "ఇంతకీ మీరేవిట్లండి?" అంటాడు. ఆ మూడో ప్రశ్న కులం గురించేనని తెలియని మనిషి మా జిల్లాలో ఉండడు. అడిగినాయనకు చెడ్డ ఉద్దేశం ఉండాలని లేదు. మనల్ని ఏ అరలో పెట్టాలో తెలిస్తే ఆయన మనసు కుదుటపడుతుంది. జవాబు విన్నాక కొందరు ఇంకాస్త దగ్గరగా జరుగుతారు. కొందరు కిటికీ వైపు తిరుగుతారు.

అలా కిటికీ వైపు తిరిగిన ముఖాలను నేను చిన్నప్పుడే చూశాను. అప్పట్లో అమ్మమ్మ పక్కన కూర్చునేవాణ్ణి. ఆవిడ మూడో ప్రశ్నకు ఎప్పుడూ ఒకటే జవాబు చెప్పేది: "ప్రభువు బిడ్డలమండి." ఆ జవాబుతో అడిగినాయనకు అంతా అర్థమైపోయేది. మా పేట ఏదో, మా ఇంటి కప్పు ఏదో, మా తాతలు ఎవరి పొలంలో చేశారో అన్నీ తెలిసిపోయేవి. కానీ అమ్మమ్మ దాన్ని దాక్కోవడానికి చెప్పలేదని నాకు పెద్దయ్యాకే తెలిసింది. ఈరోజు నేను మాట్లాడదలచుకున్నది ఆ జవాబు గురించి.

ఆ జవాబు అర్థం కావాలంటే ముందు తెలుగులో 'లెక్క' అనే మాట చూడాలి. ఎన్ని ఉన్నాయో చూడటం లెక్క. మనిషిని గౌరవించడం కూడా లెక్కే. "వాడు నన్ను లెక్కచెయ్యలేదు" అంటాం. "ఆ ఇంట్లో ఆవిడంటే లెక్కే లేదు" అంటాం. ఇతరులు మనల్ని ఎలా చూస్తారో చెప్పడానికి మన పెద్దలు వేరే మాట వెతుక్కోలేదు, లెక్క అన్న మాటే చాలనుకున్నారు. మనిషి బాధ కూడా అక్కడే ఉంటుంది. తిండి లేకపోతే ఓర్చుకుంటాడు. లెక్కలో లేకపోవడాన్ని ఓర్చుకోలేడు.

కొల్లేటి చుట్టుపక్కల ఉన్నవాళ్లకు లెక్క బాగా తెలుసు. ఇక్కడ ధాన్యానికి బస్తా లెక్క, డెబ్బై అయిదు కిలోలు. చెరువు పట్టుబడి రోజున బొచ్చెలు, శీలావతులు సైజును బట్టి వేరుపడి, ట్రేల్లో ఐసు కింద సర్దుకుని, లారీలెక్కి హౌరాకి పోతాయి. రొయ్యకైతే 'కౌంటు' అనే మాటే ఉంది. కిలోకి ముప్పై తూగితే ఒక రేటు, వంద తూగితే ఇంకో రేటు. ఎన్ని తక్కువ తూగితే అంత గొప్ప. పొద్దుటి నుంచి రాత్రి దాకా ఇదే మాట వింటూ పెరిగినవాళ్లం కదా, మనుషుల్ని కూడా కౌంటు కట్టడం మాకు తెలియకుండానే అలవాటైపోయింది. ఎన్ని ఎకరాల చెరువు? అబ్బాయికి ప్యాకేజీ ఎంత? అమ్మాయికి ఎంత పెడుతున్నారు?

అమ్మమ్మ రోజుల్లో ఊడ్పులకు ముఠాగా వెళ్లేవారు. మేస్త్రి దగ్గర ఒక చిన్న నోటు పుస్తకం ఉండేది. అందులో పేర్లు ఉండేవి కావు. ఆడకూలీలు పద్నాలుగు, మగకూలీలు ఆరు అని రాసి ఉండేది. ఆ పద్నాలుగులో మా అమ్మమ్మ ఒకటి. ఆవిడ ఒక రోజు రాకపోతే పదమూడు అని రాస్తారు. ఎవరు రాలేదో రాయరు. చేనుగట్టు మీద కేక వేయాలంటే "ఏమే", "ఇదిగో", "ఫలానావాడి పెళ్లామా" అనేవారు. ఆవిడకు ఒక పేరు ఉందని తెలిసినవాళ్లు పేట బయట ఎంతమందో నాకు తెలియదు.

ఆవిడ పేరు పూర్తిగా రాసి ఉన్న పుస్తకం ఒకటుండేది. అది మా గుళ్లో ఉన్న బాప్తిస్మాల రిజిస్టరు. మా వైపు చర్చిని కూడా గుడి అనే అంటారు. నాకు చదవడం వచ్చాక ఒక ఆదివారం ఆరాధన అయిపోయిన తర్వాత అమ్మమ్మ పాస్టరు గారిని అడిగి, ఆ రిజిస్టరు తీయించి, తన పేరు ఎక్కడుందో నన్ను చూపించమంది. చూపించాను. తండ్రి పేరు, పుట్టిన ఊరు, బాప్తిస్మం తేదీ ఉన్నాయి. అక్షరం రాని ఆ మనిషి వేలు పెట్టి ఆ గీతలను మెల్లగా తడిమింది. "ఇదేనా నేను?" అని అడిగింది. అవునన్నాను. ఇంకేమీ అనలేదు. ఇంటికి వచ్చేదాకా కొంగు తలమీంచి తీయలేదు.

ఇక లెక్కలోకి రాని పిచ్చుకల సంగతి.

సువార్తల్లో యేసు పిచ్చుకల గురించి మాట్లాడినట్టు రెండు చోట్ల ఉంది. మత్తయి రాసినదాంట్లో రెండు పిచ్చుకలు ఒక కాసుకి వస్తాయి. లూకా రాసినదాంట్లో అయిదు పిచ్చుకలు రెండు కాసులకు వస్తాయి. బడిలో లెక్కలు నేర్చుకున్న పిల్లవాడెవరైనా ఇక్కడ ఆగుతాడు. కాసుకి రెండైతే రెండు కాసులకు నాలుగే రావాలి. మరి అయిదోది ఎక్కడిది?

ఏలూరు సంతలోనో, భీమడోలు కూరగాయల కొట్టు దగ్గరో ఒకసారి నిలబడితే జవాబు తెలుస్తుంది. అది కొసరు. బేరం తెగాక, డబ్బు చేతులు మారాక, "ఇంకోటి వెయ్యవయ్యా" అంటే అమ్మేవాడు చూడకుండా తీసి సంచిలో పడేసేది. దానికి ధర లేదు. దాన్ని అడిగి కొనేవాడూ లేడు. యేసు రోజుల్లో పాలస్తీనాలో పిచ్చుక మాంసం పేదవాడి తిండి. కూలివాడి రోజు కూలి ఒక దేనారం. అందులో పదహారో వంతు ఆ కాసు. ఆ కాసులో సగానికి ఒక పిచ్చుక. అంత చవకైన వాటిలో కూడా చవకైనది, ఉత్తినే ఇచ్చేది ఆ అయిదో పిచ్చుక. యేసు వేలు పెట్టి చూపించింది దాన్ని. దేవుడు దాన్ని మరచిపోడని చెప్పాడు. ఆ వెంటనే మీ తల వెంట్రుకలు కూడా లెక్కలో ఉన్నాయన్నాడు.

మా చిన్నప్పుడు కొల్లేటి లంకల నుంచి పిట్టలను పట్టి, కాళ్లకు తాళ్లు కట్టి, గుత్తులుగా సైకిల్ హ్యాండిలుకు తలకిందులుగా వేలాడదీసుకుని అమ్మేవారు. 1972లో వన్యప్రాణి రక్షణ చట్టం వచ్చినా ఆ దొంగవేట వెంటనే ఆగలేదు. గుత్తికింత అని బేరం. బేరం కుదిరాక బక్కచిక్కిన పిట్ట ఒకటి కొసరు. ఈ పిచ్చుకల వాక్యం మొదటిసారి ఆదివారపు బడిలో విన్నప్పుడు నాకు కనిపించింది యెరూషలేము కాదు, ఆ సైకిల్ హ్యాండిలు. ఆ చివరి పిట్ట కళ్లు తెరిచే ఉండేది.

క్రైస్తవ విశ్వాసం మనిషి విలువ గురించి చెప్పే మాటలన్నిటిలోకీ నాకు ఈ పిచ్చుకల మాటే ముందు గుర్తుకొస్తుంది. దేవుడు తన స్వరూపంలో మనిషిని చేశాడని బైబిలు మొదటి అధ్యాయమే చెబుతుంది. అది పునాది, నేను కాదనను. కానీ ఊడ్పు కూలీకి, గురుకులం హాస్టలు పిల్లకి, అప్పుల్లో ఉన్న చెరువు కౌలుదారుకి ముందుగా అందేది ఈ కొసరు పిచ్చుకే. ఎందుకంటే వాళ్లకు ఆ బేరం తెలుసు.

ఈ మాట మా డెల్టాకి ఎలా వచ్చిందో కొంచెం చెప్పాలి. 1841లో రాబర్ట్ నోబుల్, హెన్రీ ఫాక్స్ అనే ఇద్దరు సి.ఎం.ఎస్. (చర్చ్ మిషనరీ సొసైటీ) మిషనరీలు మచిలీపట్నం వచ్చారు. 1854కి ఆ మిషన్ ఏలూరు చేరింది. నరసాపురం, పాలకొల్లు వైపు అంతకుముందే, 1836లో, బౌడెన్, బీర్ దంపతులు వచ్చి ఉన్నారు. నోబుల్ గారు పెద్ద కులాల పిల్లలకు బడి పెట్టాడు. పైవాళ్లు మారితే కిందివాళ్లు వాళ్లంతట వాళ్లే వస్తారని ఆయన ఆశ. జరిగింది వేరు. అప్పటి కృష్ణా జిల్లా రాఘవాపురం అనే పల్లెలో పగోలు వెంకయ్య అనే మాల కులస్థుడు తనంతట తాను దేవుణ్ణి వెతుక్కుంటూ బయల్దేరాడు. దారి అడుగుతూ అడుగుతూ బెజవాడలో ఉన్న డార్లింగ్ అనే మిషనరీ దగ్గరకు చేరాడు. 1859లో బాప్తిస్మం పొందాడు. ఆయనతో పాటు ఆయన మనుషులు కదిలారు. తర్వాత ఊళ్లకు ఊళ్లు, పేటలకు పేటలు కదిలాయి. లెక్కలో లేనివాళ్లు ముందు వచ్చారు.

ఎందుకు వచ్చారన్నదాని మీద ఇప్పటికీ వాదన ఉంది. కరువు గింజల కోసం వచ్చారని కొందరు, బడి కోసమని కొందరు అంటారు. గింజలూ బడీ అవసరమే, వాటిని కోరుకోవడం తప్పూ కాదు. కానీ మా పేటలో ముసలివాళ్ల దగ్గర నేను విన్న మాట ఇంకొకటుంది. "పేరు పెట్టి పిలిచారు నాయనా" అనేవారు. నాలుగే నాలుగు మాటలు. పుట్టినప్పటి నుంచి పుల్లిగాడు, పెంటిగాడు అనిపించుకున్న మనిషిని నీళ్లలోకి దించి దైవసహాయం అనో, యేసుపాదం అనో, కృపామణి అనో పిలిచారు. తండ్రి, కుమార, పరిశుద్ధాత్మల పేరు పక్కన తన పేరు వినబడింది. పేరు మారడం పెద్ద విషయం కాదని అనుకునేవాళ్లు ఎప్పుడూ 'ఒరే' అని పిలిపించుకోనివాళ్లు. 1917లో బెజవాడలో భాగ్యరెడ్డి వర్మ అధ్యక్షతన జరిగిన సభలో దళితులు పంచములన్న మాటను వదిలి 'ఆది ఆంధ్ర' అని పేరు పెట్టుకున్నారు. వాళ్ల దారి వేరు, మా దారి వేరు. ఆకలి మాత్రం ఒకటే.

ఇక్కడ బిషప్ అజరయ్య గారిని తలచుకోకుండా ముందుకు పోలేను. వేదనాయకం శామ్యూల్ అజరయ్య, 1874లో తిరునెల్వేలి వైపు పుట్టిన తమిళుడు, నాడార్ కుటుంబం. తెలుగు నేర్చుకుని దోర్నకల్లు వచ్చాడు. 1912 డిసెంబరు 29న కలకత్తాలో ఆయనకు బిషప్ అభిషేకం జరిగింది. ఆంగ్లికన్ సంఘంలో బిషప్ అయిన మొదటి భారతీయుడు ఆయనే. అంతకు రెండేళ్ల ముందు ఎడింబరోలో పెద్ద మిషనరీ సభ జరిగితే, అక్కడ తెల్లవాళ్ల మధ్య నిలబడి, మీరు మాకు డబ్బిచ్చారు, ప్రాణాలు కూడా ఇచ్చారు, ఇక స్నేహితులుగా మెలగండి అని అడిగాడు. కూర్చోబెట్టి అన్నం పెట్టినా, సమానంగా కూర్చోకపోతే అది లోటేనని ముఖాముఖి చెప్పిన మనిషి ఆయన.

ఆ అజరయ్య గారు పల్లెల్లో బాప్తిస్మాలు ఇచ్చేటప్పుడు ఒక పద్ధతి పెట్టాడు. బాప్తిస్మం పొందినవాడు తన చెయ్యి తన తల మీదే పెట్టుకుని, నేను సువార్త చెప్పకపోతే నాకు శ్రమ అనే అర్థంలో ప్రమాణం చెయ్యాలి. తర్వాత ఏలూరు వైపు సి.ఎం.ఎస్. సంఘాలు కూడా ఆయన అధ్యక్ష మండలంలో చేరాయి. నేనెప్పుడూ ఆ ప్రమాణం చేసే దృశ్యాన్నే ఊహించుకుంటాను. ఆ తల అప్పటిదాకా గడ్డిమోపు మోసింది. మట్టితట్ట మోసింది. దొర ఎదురైతే తలగుడ్డ తీసి వంగింది. ఇప్పుడు దాని మీద తన చెయ్యే ఉంది, ఆ నోటితో లోకానికి చెప్పాల్సిన మాట ఉంది. నువ్వు ఎవరికో పని చేసిపెట్టేవాడివి మాత్రమే కాదు, నీ దగ్గర ఇతరులకు ఇవ్వాల్సింది ఉంది అని ఆ మనిషికి చెప్పడం అది. ఆత్మగౌరవం మీద ఎన్ని ఉపన్యాసాలు చెప్పినా ఆ చేతికి సాటి రావు.

మన తెలుగు సాహిత్యంలో ఈ వేదనను నిండుగా అనుభవించి పాడినవాడు గుర్రం జాషువా. 1895 సెప్టెంబరు 28న వినుకొండలో పుట్టాడు. తండ్రి యాదవ కులం, తల్లి మాదిగ కులం, ఇంటి మతం క్రైస్తవం. పండితుల సభలో ఆయన కులం అడిగారు. కావ్యాలకు హిందూ పురాణాల వస్తువు తీసుకున్నందుకు క్రైస్తవ సమాజంలోనూ ఆయన్ని దూరం పెట్టారు. రెండు గడపల దగ్గరా నిలబెట్టబడ్డవాడు. మూడో ప్రశ్నకు ఏ జవాబు చెప్పినా కిటికీ వైపు తిరిగేవాళ్లే ఎదురయ్యారు. అయినా తాను విశ్వమానవుణ్ణని చెప్పుకున్నాడు. 1941లో 'గబ్బిలం' వచ్చింది. కాళిదాసుకు మేఘం దొరికింది, ఇంకొందరు కవులకు హంసలు దొరికాయి. జాషువా మాత్రం ఎవరూ శుభమనుకోని గబ్బిలాన్ని దూతగా ఎంచుకున్నాడు. అంటరానివాడికి గుడి తలుపు మూసి ఉంటుంది, గబ్బిలానికి ఉండదు. తెలుగు కవిత్వంలో కొసరు పిట్ట అదే అని నాకు అనిపిస్తుంది. 'క్రీస్తు చరిత్ర'కు 1964లో సాహిత్య అకాడెమీ పురస్కారం వచ్చింది. ఇంకొక సంగతి, ఈ మైకు ముందు కూర్చున్నప్పుడల్లా నాకు గుర్తొచ్చేది: 1957 నుంచి 59 దాకా ఆయన మద్రాసు రేడియో కేంద్రంలో కార్యక్రమ నిర్మాతగా పనిచేశాడు. రేడియో గొంతుకు అంటు ఉండదు. అది అగ్రహారంలోకీ పోతుంది, పేటలోకీ పోతుంది.

ఇప్పుడు మా సొంత ఇంటి తప్పు కూడా చెప్పాలి. చెప్పకపోతే ఈ ప్రసంగం అబద్ధమవుతుంది. అందరూ ఒకే తండ్రి పిల్లలమని ఆదివారం పాడి, సోమవారం పెళ్లి సంబంధం దగ్గర మూడో ప్రశ్న అడిగే క్రైస్తవులు మాలో ఉన్నారు. ఒకే ఊళ్లో మాలవారి చర్చి, మాదిగవారి చర్చి విడివిడిగా ఉన్న చోట్లు ఉన్నాయి. పెద్ద కులాల నుంచి వచ్చినవాళ్లు తమకు వేరే వరస ఉండాలని కోరుకున్న సందర్భాలూ ఉన్నాయి. ఒకే రొట్టె విరిచి, ఒకే పాత్రలో తాగి, బయటకు వచ్చాక విడిపోతే ఆ బల్లకు మనం చేసిన మర్యాద ఏమిటి? దీనికి నా దగ్గర సాకు లేదు, సిగ్గు ఉంది.

కాగితం బాధ ఒకటి దీనికి తోడు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం షెడ్యూల్డు కులం హోదా హిందువులకే ఇచ్చారు. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులను చేర్చలేదు. మన రాష్ట్రంలో ఎస్సీల నుంచి క్రైస్తవులైనవాళ్లు బీసీ సి గ్రూపులో ఉంటారు, దానికి ఒక శాతం రిజర్వేషను. అందుకని బడి రిజిస్టరులో ఒక పేరు, గుడి రిజిస్టరులో ఇంకో పేరు ఉన్న ఇళ్లు ఎన్నో. నా దగ్గర చదువుకున్న పిల్లలు, "మేష్టారూ, హాజరుపట్టీలో ఏ పేరు పిలుస్తారు?" అని అడిగేవారు. వాళ్లు అబద్ధాలకోరులని ఎవరైనా అంటే నాకు కోపం వస్తుంది. చట్టం మంచిచెడ్డలు న్యాయస్థానాలు చూసుకుంటాయి. ఆ పిల్లవాడు తనను తాను రెండుగా చీల్చుకుని బడికి వస్తున్నాడన్నది మాత్రం గురువుగా నేను చూశాను. వాణ్ణి పూర్తిగా ఒక్కడిగా పిలిచే చోటు ఎక్కడో ఒకటి ఉండాలి కదా.

ఈ తరం పిల్లల దగ్గరకు వద్దాం. వీళ్ల పుస్తకం మేస్త్రి నోటు పుస్తకం కాదు, మార్కుల మెమో. ఇంటరు ఫలితాలు వచ్చే రోజు మా ఊళ్లో ఏ ఇంటి ముందు నడిచినా ఆ ఇంటి ఫలితం తెలిసిపోతుంది. తలుపులు తెరిచి ఉంటే ఒకటి, మూసి ఉంటే ఇంకొకటి. కొన్నేళ్ల కిందట ఒక తల్లి పరుగెత్తుకుంటూ మా ఇంటికి వచ్చింది. "మేష్టారూ, పిల్ల గది తలుపు తీయట్లేదండి" అంది. వెళ్లాను. తలుపు బయట కూర్చుని చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత యేసు బాప్తిస్మం సంగతి చెప్పడం మొదలుపెట్టాను. యొర్దాను నదిలోంచి ఆయన పైకి వచ్చినప్పుడు ఆకాశం నుంచి ఒక స్వరం వచ్చింది, వీడు నా ప్రియమైన కొడుకు, వీణ్ణి చూస్తే నాకు సంతోషం అన్న అర్థంలో. అప్పటికి ఆయన ఏం చేశాడమ్మా? ఒక్క రోగిని బాగుచెయ్యలేదు. ఒక్క ప్రసంగం చెయ్యలేదు. అయిదు రొట్టెలు పంచలేదు. ముప్పై ఏళ్ల వయసు దాకా వడ్రంగి పని చేసుకున్నాడు. పరీక్ష ఇంకా మొదలే కాలేదు, ఫలితం వచ్చేసింది. చాలాసేపటికి లోపలి నుంచి గొంతు వచ్చింది: "అయితే తప్పినా కూడానా మేష్టారూ?" తప్పినా కూడా అన్నాను. గడియ తీసిన చప్పుడు ఇప్పటికీ నా చెవిలో ఉంది.

ఈ మాట వింటున్న పిల్లలెవరైనా, పెద్దలెవరైనా అలా తలుపు వేసుకుని కూర్చుని ఉంటే, దయచేసి పక్కవాళ్లను పిలవండి. ఎవరూ లేరనిపిస్తే 14416కి ఫోన్ చెయ్యండి. టెలీ మానస్ అనే ప్రభుత్వ సేవ అది, డబ్బు తీసుకోరు, రాత్రయినా పలుకుతారు. ప్రార్థన చేసుకునేవాళ్లకు కూడా చెబుతున్నాను, ఫోన్ చెయ్యడం విశ్వాసం తక్కువవడం కాదు.

లెక్కలో లేనివాళ్లు ఇంకా ఉన్నారు. మా గోదావరి జిల్లాల నుంచి కువైట్ వెళ్లిన ఆడవాళ్లు చాలామంది. అక్కడ ఇంటిపని మనిషిని ఖద్దామా అంటారు. పాస్‌పోర్టు ఇంకొకరి బీరువాలో ఉంటుంది, పేరు ఎవరికీ పట్టదు. ఇక్కడేమో డబ్బు పంపినన్నాళ్లు దేవత, పంపడం మానితే బరువు. అలా తిరిగివచ్చిన ఒక చెల్లెమ్మ మా గుళ్లో ఎప్పుడూ వెనక బల్ల మీద, స్తంభం చాటున కూర్చునేది. ఒక రోజు మార్కు సువార్తలో పన్నెండేళ్లు రక్తస్రావంతో బాధపడిన స్త్రీ కథ చదివాం. ధర్మశాస్త్రం ప్రకారం ఆమె అంటరానిది. గుంపులో దొంగలా వచ్చి ఆయన వస్త్రం తాకింది. బాగుపడింది. అక్కడితో వెళ్లిపోనిస్తే ఆయనకు పోయేదేముంది? కానీ ఆయన ఆగాడు. నా వస్త్రం ఎవరు తాకారు అని అడిగాడు. అంతమంది మధ్య ఆమె బయటకు రాక తప్పలేదు. అప్పుడు ఆయన పిలిచిన పిలుపు "కుమారీ" అని. రోగం పోవడం ఒకటి, అందరి ముందూ కూతురివని పిలిపించుకోవడం ఇంకొకటి. రెండోదాని కోసమే ఆయన ఆగాడని నా నమ్మకం. ఆ రోజు ఆ చెల్లెమ్మ స్తంభం చాటు నుంచి పక్కకు జరిగి కూర్చుంది. ఒక జానెడు, అంతే.

అయితే ఒక జాగ్రత్త చెప్పాలి. ఈమధ్య అద్దం ముందు నిలబడి నేను గొప్పవాణ్ణి, నేను గొప్పవాణ్ణి అని వందసార్లు అనుకోమని నేర్పుతున్నారు. అది కొందరికి కాస్త ధైర్యం ఇస్తుందేమో. నేను చెబుతున్నది మాత్రం అది కాదు. మన విలువను మనమే పుట్టించుకోవాలంటే, రేపు ఓడిపోయిన రోజున మళ్లీ మనమే పుట్టించాలి. ఎంతకని పుట్టిస్తాం? యోహాను సువార్తలో శిష్యుల కాళ్లు కడిగిన కథ ఎలా మొదలవుతుందో గమనించండి. తాను ఎక్కడి నుంచి వచ్చాడో, ఎక్కడికి వెళ్తున్నాడో యేసుకు తెలుసట. అది తెలిసి లేచి, పైబట్ట తీసి పక్కన పెట్టి, నడుముకు తువ్వాలు చుట్టుకున్నాడు. తానెవరో తెలిసినవాడికి కింద కూర్చోవడానికి భయం ఉండదు. తెలియనివాడే ప్రతి పెళ్లిలోనూ ముందు వరస కుర్చీ కోసం వెతుకుతాడు. శుభ శుక్రవారానికి ముందురోజు కొన్ని గుళ్లలో ఫాదరు గారు వంగి ముసలివాళ్ల పాదాలు కడుగుతారు. వరిచేల బురద దశాబ్దాలుగా పగుళ్లలో నిలిచిపోయిన పాదాలవి.

తానెవరన్న ప్రశ్నను ఇంకొకాయన కూడా వేసుకున్నాడు. జర్మనీలో బోన్‌హాఫర్ అనే పాస్టరు ఉండేవాడు. హిట్లర్‌ను ఎదిరించి జైల్లో పడ్డాడు. 1944లో అక్కడ 'నేనెవరు' అని ఒక కవిత రాసుకున్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు తనను నిబ్బరమైన మనిషి అంటున్నారు, తనకేమో లోపల అంతా గుబులు. ఈ ఇద్దరిలో తానెవరు? ఆ ప్రశ్నకు ఆయన తనంతట తాను జవాబు చెప్పుకోలేదు. తాను ఎవరైనా సరే తాను ఎవరివాడో దేవుడికి తెలుసని దాన్ని ఆయన చేతిలో వదిలేశాడు. 1945 ఏప్రిల్ 9న ఆయన్ని ఉరితీశారు. చూడండి, ఆ పండితుడు జైలు గదిలో చేరిన చోటు, మా అమ్మమ్మ బస్సు సీట్లో కూర్చుని చెప్పిన చోటు ఒకటే. నువ్వెవరివి అని అడిగితే, ఎవరిదాన్నో చెప్పడం. "ఎవరి తాలూకండి?" అన్న రెండో ప్రశ్నకే ఆవిడ అసలైన జవాబు చెబుతూ వచ్చింది, అడిగినవాళ్లే దాన్ని మూడో ప్రశ్నకు అనుకున్నారు.

కొసరు అనే మాటకు మన భాషలో ఇంకో వాడుక ఉంది. కొసరి కొసరి వడ్డించడం అంటాం. విస్తరిలో చాలినంత ఉన్నా, "ఇంకాస్త, నా కోసం" అంటూ అమ్మ వేసేది. అంగట్లో కొసరుకి విలువ ఉండదు. ఇంట్లో కొసరులోనే అమ్మ ప్రేమంతా ఉంటుంది. పంక్తి చివర కూర్చున్నవాళ్లకు, వాకిలి ఊడ్చి వచ్చినవాళ్లకు కొసరి వడ్డించే అమ్మలను మా పేటలో చూశాను. వాళ్లలో మా అమ్మమ్మ ఒకరు.

ఆవిడకు ఆఖరు రోజుల్లో మరపు వచ్చింది. ముందు పక్కింటివాళ్లను మరచిపోయింది, తర్వాత పిల్లలను. మేము నేర్చుకున్న కీర్తనలన్నీ ఆవిడ దగ్గర నేర్చుకున్నవే, అవి కూడా ఒకటొకటిగా పోయాయి. ఊడ్పులు చేసిన చేలను చూపిస్తే కొత్త ఊరు చూసినట్టు చూసేది. నేను అప్పుడు చాలా భయపడ్డాను. మనిషంటే జ్ఞాపకమే అయితే, జ్ఞాపకం పోయాక మంచం మీద ఉన్నది ఎవరు? ఎన్నో ఏళ్లు పిచ్చుకల వాక్యం చదివినా, అందులో ఉన్న మాట అప్పుడు కనబడింది. పిచ్చుకకు దేవుడు గుర్తుంటాడని యేసు చెప్పలేదు. దేవుడు దాన్ని మరచిపోడని చెప్పాడు.

ఒకసారి ఆసుపత్రిలో చేర్చాల్సి వచ్చింది. చీటీ రాసే అమ్మాయి, చిన్నపిల్ల, మంచి పిల్ల, మా అమ్మమ్మ చెయ్యి పట్టుకుని, "మామ్మగారూ, మీ పేరేంటండీ?" అని అడిగింది. అమ్మమ్మ ఆలోచించింది. పెదవులు కదిలాయి. ఏమీ రాలేదు. కంగారుపడి నా వైపు చూసింది, ఆ రోజు రిజిస్టరు ముందు అడిగినట్టే.

నేను ఆవిడ పేరు చెప్పాను. గుడి రిజిస్టరులో ఉన్నది ఉన్నట్టు, పూర్తిగా. ఆ అమ్మాయి రాసుకుంది. అమ్మమ్మ దాన్ని విని, నెమ్మదిగా తల ఊపి, "ఆయ్, అదేనండి" అంది.